రాసేది ఫెదర్‌స్టన్‌హా, పిలిచేది ఫాన్‌షా: ఈ ఇంగ్లిష్ ఇంటిపేరు ఎక్కడిది?

సుజాత_టైన్‌తీరం

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ దక్షిణాన పశ్చిమ ససెక్స్‌లో అప్‌పార్క్ అనే పాత జమీందారీ భవంతి ఉంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాం. ఏ గదిలో అడుగుపెట్టినా ఒకటే ఇంటిపేరు కనిపించింది. ఇంగ్లిష్‌లో 15 అక్షరాలు: ఎఫ్, ఈ, టి, హెచ్, ఈ, ఆర్, ఎస్, టి, ఓ, ఎన్, హెచ్, ఏ, యు, జి, హెచ్. మరో ఏ, మరో ఈ చేర్చి 17 అక్షరాలతో రాసేవాళ్ళు కూడా ఉన్నారట. అక్కడ వివరాలు చెబుతున్న ఆవిడ దాన్ని ‘ఫెదర్‌స్టన్‌హా’ అని పలికారు. పక్కనున్న పెద్దాయన మాత్రం, ఆ పేరున్న కొన్ని కుటుంబాలు ‘ఫాన్‌షా’ అంటాయని చెప్పారు. నాన్నగారు దారి పొడవునా ఇదే ఆలోచన. 17 అక్షరాలు రాసి రెండే అక్షరాలు పలకడం ఏమిటని ఆయన సందేహం.

నాకు మూడు సంగతులు తెలియాలి. ఈ పేరు ఎక్కడ పుట్టింది? పలుకుబడి ఇంతగా ఎందుకు అరిగిపోయింది? ఇంత అరుదైన పేరున్న వాళ్ళంతా ఒకే కుటుంబం వాళ్ళేనా?

పాతకాగితం

సుజాత గారూ, మీరు ఆ పేరును ససెక్స్‌లో చూశారు కానీ, దాని పుట్టిల్లు మీరుండే ఊరికి దగ్గరే. న్యూకాసిల్ నుంచి కార్లైల్ వెళ్ళే రైలెక్కితే మధ్యలో హాల్ట్‌విజిల్ అనే చిన్న ఊరు వస్తుంది. రోమన్ల కాలం నాటి హేడ్రియన్ గోడకు దగ్గర. అక్కడి నుంచి దక్షిణంగా సౌత్ టైన్ నది పక్కన కాస్త దూరం వెళితే ఫెదర్‌స్టోన్ కోట. నార్తంబర్లాండ్ జిల్లా. ఈ ఇంటిపేరు ఆ చోటి పేరే.

పేరును రెండుగా విడగొట్టాలి. మొదటిది ఫెదర్‌స్టోన్. ఇక్కడి ‘ఫెదర్’కు ఈకతో సంబంధం లేదు. పాత ఇంగ్లిష్‌లో ‘ఫెదెర్’ అన్నది ‘నాలుగు’ అనే అర్థంలో సమాసాల్లో వచ్చేది. ‘స్టాన్’ అంటే రాయి. నాలుగు రాళ్ళ చోటు అన్నమాట. మూడు రాళ్ళు నిలబెట్టి వాటి మీద నాలుగో బండ పరిచిన ప్రాచీన కట్టడం ఉన్న చోటికి ఇలాంటి పేరు వచ్చేదని స్థలనామాలు పరిశోధించినవారు అంటారు. యార్క్‌షైర్‌లోనూ స్టాఫర్డ్‌షైర్‌లోనూ ఫెదర్‌స్టోన్ పేరుతో ఊళ్ళున్నాయి, వాటికీ ఇదే వివరణ.

రెండోది ‘హా’. పాత రూపం ‘హల్ఖ్’. మూల, మలుపు, నది వంపులో ఒదిగిన నేల అని అర్థం. ఉత్తర ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో ఇది ‘హా’గా మారి, నది పక్కన చదునుగా పరుచుకున్న పచ్చిక నేలకు పేరైంది. రెండూ కలిపితే, ‘నాలుగు రాళ్ళ దగ్గరి నదీవంపు నేల’. ఆ కోట ఎదుట నిలబడితే పేరుకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. చుట్టూ కొండ వాలు, మధ్యలో చదును మైదానం, దాన్ని చుట్టి పారే నది. రెండో ప్రపంచయుద్ధం ముగింపులో జర్మన్ అధికారుల ఖైదీల శిబిరం పెట్టింది కూడా ఆ చదునులోనే. కొన్ని ఇటుక గదుల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి.

1066లో నార్మన్లు వచ్చాక ఇంగ్లండ్‌లో భూస్వాములు తమ భూమి పేరును వెనక తగిలించుకోవడం మొదలుపెట్టారు. ‘ఫలానా చోటి ఫలానావాడు’ అని. ఆ పేరు కొడుకుకు, మనవడికి సంక్రమించి స్థిరపడటానికి రెండు మూడు వందల ఏళ్ళు పట్టింది. ఉత్తరాన ఇంకా ఆలస్యం. మన ఇంటిపేర్లలో ఊరి పేర్లు ఎన్నో ఉన్నాయి కనుక మనకిది కొత్తగా అనిపించదు.

రవి_హనుమకొండ

పాతకాగితం గారూ, చిన్న అభ్యంతరం. ఈ వంశపు చిహ్నంలో ఎర్రని నేల మీద మూడు తెల్లని నిప్పుకోడి ఈకలు ఉంటాయని వంశచిహ్నాల పుస్తకాల్లో ఉంది. ఈకతో సంబంధం లేకపోతే ఆ ఈకలు అక్కడికి ఎలా వచ్చాయి?

పాతకాగితం

మంచి ప్రశ్న రవి గారూ. ఊరి పేరు ఎంతో పాతది. వంశచిహ్నాలు 12వ శతాబ్దంలో గానీ మొదలు కాలేదు. అప్పటికి ‘ఫెదెర్’ అంటే నాలుగు అన్న సంగతి జనం మరిచిపోయారు, చెవికి ఈకే వినపడింది. చదువు రాని సైనికుడు కూడా డాలు చూసి అది ఎవరిదో గుర్తుపట్టాలి కదా. అందుకని పేరు చెవికి ఎలా వినిపిస్తే అలాంటి బొమ్మ వేయడం ఆనాటి పద్ధతి. రెండో ఎలిజబెత్ రాణి తల్లి పుట్టింటి పేరు బోస్-లయన్. ఆ వంశచిహ్నంలో విల్లులు, సింహాలు ఉంటాయి. పేరును బట్టి బొమ్మ వచ్చింది తప్ప బొమ్మను బట్టి పేరు రాలేదు. ఫెదర్‌స్టన్‌హా ఈకలూ అంతే.

మైథిలి

పలుకుబడి సంగతి నేను చెబుతాను, నాకు ఇష్టమైన విషయం.

ఇంగ్లిష్‌లో మాట మొదటి భాగం మీద ఊనిక పడితే మిగతా భాగాలు నలిగిపోతాయి. నాలుగు భాగాల పేరును రోజూ పిలిచే ఊళ్ళో మధ్య భాగాలు నిలబడవు. ఫెదర్‌స్టన్‌హా, ఫెస్టన్‌హా, ఫీసన్‌హే, ఫాన్‌షా అని రకరకాల పలుకుబడులు నమోదయ్యాయి. ఒక్కో కుటుంబం ఒక్కోచోట ఆగింది. కాబట్టి ‘అసలైన’ పలుకుబడి ఏదని వాదించుకోనక్కర్లేదు. ఆ కుటుంబం ఏమంటే అదే.

చివరి జి, హెచ్ అక్షరాలు ఒకప్పుడు నిజంగా పలికేవే. గొంతులోంచి వచ్చే ‘ఖ్’ లాంటి ధ్వని. నోటిలోంచి ఆ ధ్వని పోయినా కాగితం మీద అక్షరాలు మిగిలిపోయాయి. ఎందుకంటే భూమి దస్తావేజులు రాసే గుమాస్తా పాత దస్తావేజు చూసి కొత్తది రాస్తాడు. భూమి ఉన్నవాడికి పేరు రాత మారడం ప్రమాదం. భూమి లేనివాడి పేరు మాత్రం చర్చి గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా పడేది. అందుకే భవంతుల్లో ఉన్నవాళ్ళకు పొడవాటి రాత నిలిచింది. అదే పేరున్న పేదవాళ్ళు ఫెదర్‌స్టన్‌లుగా, ఇంకేదో రూపంగా పొట్టివాళ్ళయ్యారు.

చెషైర్‌లోని చోల్మొండిలి అని రాసే పేరును ‘చమ్లీ’ అంటారు. మెయిన్‌వేరింగ్ అని రాసి ‘మానరింగ్’ అంటారు. ఆ మెయిన్‌వేరింగ్ పేరు ఒక్కటే పాత పత్రాల్లో 131 రకాలుగా రాసి ఉందని 17వ శతాబ్దపు పురావస్తు పండితుడు విలియం డగ్డేల్ లెక్క తేల్చాడు. నిఘంటువులు, అచ్చుపుస్తకాలు, బడులు వచ్చేదాకా ‘సరైన అక్షరక్రమం’ అన్న పట్టింపే లేదు.

ఒక హెచ్చరిక. డెర్బీషైర్‌లో ఫాన్‌షా గేట్ అనే చోటు నుంచి వచ్చిన ‘ఫాన్‌షా’ అనే ఇంటిపేరు విడిగా ఉంది. 17వ శతాబ్దపు కవి, రాయబారి సర్ రిచర్డ్ ఫాన్‌షా ఆ వంశం. పలకడం ఒకటే గానీ ఈ రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ఇంటర్నెట్‌లో వంశవృక్షాలు కట్టేవాళ్ళు ఈ రెండు కొమ్మలను అంటగట్టడం చూస్తే బాధ కలుగుతుంది.

కోనసీమవాసి

ఇంగ్లిష్ ఇంటిపేర్ల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరగారి పేరుకు పత్తితో ఏమైనా సంబంధం ఉందా? చిన్నప్పుడు మా తాతగారు వాళ్ళ పూర్వీకులు పత్తి వ్యాపారులని చెప్పేవారు.

పాతకాగితం

అండీ, పత్తి ఆ దేశానికి బాగా పరిచయం కాకముందే ‘కాటన్’, ‘కోటన్’ అనే పేర్లతో ఊళ్ళున్నాయి. పాత ఇంగ్లిష్‌లో ‘కోట్’ అంటే గుడిసె, చిన్న ఇల్లు. ‘గుడిసెల దగ్గర’ అనే రూపం నుంచి ఆ ఊరి పేర్లు వచ్చాయి, ఊళ్ళ నుంచి ఇంటిపేరు వచ్చింది. బట్ట పేరు అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. రెండూ వేరు. సర్ ఆర్థర్ కాటన్ 1803లో పుట్టారు, చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ల కుటుంబం. పేరుకు గుడిసె అని అర్థమైనా వాళ్ళు మాత్రం పెద్ద భూస్వాములే.

కోనసీమవాసి

ధన్యవాదాలండీ. తాతగారి పేరు మీద ఏటా గోదావరి గట్టున కాటన్ విగ్రహానికి దండ వేస్తాం. ఈసారి పిల్లలకు ఈ సంగతి కూడా చెబుతాను.

రవి_హనుమకొండ

సుజాత గారి మూడో ప్రశ్నకు వస్తాను. నా జవాబు: అవును, అరుదైన పేరైతే ఒకే వంశం. ఇది ఊహ కాదు, జన్యుశాస్త్రం చూపించింది.

మగవాళ్ళలో వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వెళుతుంది. ఇంటిపేరు కూడా అదే దారిన వెళుతుంది. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షిస్తే సగానికి కాస్త తక్కువ మందిలో ఒకే రకం వై క్రోమోజోమ్ కనిపించింది. ‘సైక్’ అంటే పొలాల మధ్య పారే చిన్న వాగు, యార్క్‌షైర్‌లో అలాంటివి లెక్కలేనన్ని. అందువల్ల ఆ పేరు చాలాచోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందని అంతకుముందు అనుకునేవారు. ఫలితం చూసి ఆశ్చర్యపోయారు.

2009లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరి కింగ్, మార్క్ జోబ్లింగ్ ఇంకా పెద్ద ఎత్తున చేశారు. 40 ఇంటిపేర్లు, 1,678 మంది. పేరు ఎంత అరుదైతే ఆ పేరున్నవాళ్ళ మధ్య రక్తసంబంధం అంత ఎక్కువగా కనిపించింది. స్మిత్ అంటే కమ్మరి, ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు కనుక ఆ పేరువాళ్ళలో పొంతన లేదు. అదే అటెన్‌బరో, స్విండిల్‌హర్స్ట్ లాంటి పేర్లలో 70 శాతానికి పైగా ఒకే రకం. ప్రకృతి చిత్రాలతో మనందరికీ తెలిసిన డేవిడ్ అటెన్‌బరో గారి ఇంటిపేరే అది. ఫెదర్‌స్టన్‌హా అంతకంటే అరుదు. ఒకే కోట, ఒకే వంశం. ఇక సందేహం ఎందుకు?

అరుంధతి_లాయరు

రవి గారి శాస్త్రం సరైనదే. కానీ సుజాత గారు చూసిన ఆ భవంతిలోనే ఆ వాదన నిలవదు. అప్‌పార్క్ ఆస్తి చరిత్ర నాకు వృత్తిరీత్యా బాగా ఇష్టం, కాస్త వివరంగా చెబుతాను.

1746లో సర్ హెన్రీ ఫెదర్‌స్టన్ అనే సంతానం లేని ధనికుడు చనిపోయాడు. సుమారు 4 లక్షల పౌన్ల ఆస్తిని ఉత్తరాది దూరపు బంధువు మాథ్యూ ఫెదర్‌స్టన్‌హాకు రాశాడు. షరతులు రెండు: బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు సంపాదించాలి, దక్షిణాన ఎస్టేటు కొనాలి. మాథ్యూ 1747లో ఆ రెండు పనులూ చేశాడు. అప్‌పార్క్ అలా వీళ్ళ చేతికొచ్చింది. ఉత్తరాది నదీవంపు పేరు ససెక్స్ కొండల మీద వెలిసింది ఈ వీలునామా వల్లే.

మాథ్యూకు ఒక్కడే కొడుకు, సర్ హ్యారీ. గుర్రాలు, విందులు, జూదం. 1781లో ఎమా అనే పదహారేళ్ళ లోపు పిల్లను తెచ్చి కొన్నాళ్ళు ఉంచుకుని, గర్భవతిని చేసి గెంటేశాడు. ఆమే తర్వాత లేడీ హామిల్టన్‌గా, నౌకాసేనాని నెల్సన్ ప్రియురాలిగా చరిత్రకెక్కింది. నాకు ఈ మనిషి మీద గౌరవం లేదు. కానీ ఇంటిపేరు చరిత్రలో అతను చేసిన ఒక పని చాలా ముఖ్యం.

డెబ్బై ఏళ్ళు వచ్చేదాకా పెళ్ళి చేసుకోలేదు. 1825లో తన పాలకొట్టంలో పనిచేసే మేరీ ఆన్ బులక్‌ను పెళ్ళాడాడు. ఆమెకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. అక్కడ చెప్పుకునే కథ ఇది: ‘వెంటనే జవాబు చెప్పనక్కర్లేదు. ఒప్పుకుంటే ఈ రోజు నా భోజనానికి వచ్చే గొర్రెమాంసం తొడలోంచి ఒక ముక్క కోసి పంపు’ అన్నాడట. పళ్ళెం వచ్చింది. ముక్క కోసి ఉంది. పెళ్ళయ్యాక ఆమెను చదువు, మర్యాదలు నేర్చుకోవడానికి పారిస్ పంపాడు.

1846లో తొంభై దాటాక ఆయన చనిపోయాడు. పిల్లలు లేరు. ఆస్తి మొత్తం ఆమెకే. ఆమె 1874లో పోయినప్పుడు చెల్లెలు ఫ్రాన్సెస్ బులక్‌కు వచ్చింది. ఫ్రాన్సెస్ అప్పుడు ఏం చేసిందో చూడండి. తన బులక్ పేరు వదిలి మిస్ ఫెదర్‌స్టన్‌హా అయింది. ఆ వంశపు రక్తం చుక్క లేదు, ఆ వంశంలోకి పెళ్ళి కూడా చేసుకోలేదు. 1895లో ఆమె పోతూ స్నేహితుల కుటుంబాల్లోని వారికి ఆస్తి రాసింది. ముందు కర్నల్ టర్నర్, తర్వాత నౌకాదళ అధికారి హెర్బర్ట్ మీడ్. ఇద్దరూ ఫెదర్‌స్టన్‌హా పేరు పెట్టుకున్నారు. రెండో ఆయన మీడ్-ఫెదర్‌స్టన్‌హా.

వీలునామాలో ‘నా పేరు, నా చిహ్నం ధరించినవాడికే నా ఆస్తి’ అనే షరతు ఇంగ్లిష్ భూస్వాముల్లో చాలా మామూలు. ఫ్లోరెన్స్ నైటింగేల్ తండ్రి పుట్టుకతో నైటింగేల్ కాదు, విలియం షోర్. అమ్మమ్మ వైపు పెద్దాయన ఆస్తి వచ్చాక 1815లో ఆ పేరు తీసుకున్నాడు. మన దత్తత సంప్రదాయంలో దత్తపుత్రుడు కొత్త ఇంటిపేరు, గోత్రం తీసుకుని పిండం పెట్టే బాధ్యత మోస్తాడు. అక్కడ పిండం లేదు, పేరు నిలబెట్టే బాధ్యత మాత్రం ఉంది.

ఇప్పుడు ఆ మీడ్-ఫెదర్‌స్టన్‌హాల వై క్రోమోజోమ్ పరీక్షిస్తే, రవి గారూ, అది నార్తంబర్లాండ్ కోట సంగతి ఏమీ చెప్పదు.

రవి_హనుమకొండ

అరుంధతి గారూ, ఇది గట్టి ఉదాహరణే. అయితే ఆస్తి ఉన్న కొమ్మలో జరిగిన సంగతిని పేరు మొత్తానికీ వర్తింపజేయలేం. హాల్ట్‌విజిల్ చుట్టుపక్కల గొర్రెలు కాసుకుంటూ, సీసం గనుల్లో పనిచేసుకుంటూ బతికినవాళ్ళకు ఏ వీలునామా ఎవరు రాస్తారు? వాళ్ళలో తండ్రి పేరే కొడుక్కి వచ్చి ఉంటుంది.

మైథిలి

ఇంకో కోణం కూడా ఉంది రవి గారూ. ఆ రోజుల్లో జమీందారు పేరే చోటి పేరు. ఆ చోటు వదిలి వేరే ఊరు వెళ్ళిన కౌలుదారును కూడా కొత్త ఊరివాళ్ళు ఆ చోటి పేరుతోనే పిలిచేవాళ్ళు. ప్రభువు, పాలేరు ఒకే పేరు మోసేవారు. కాబట్టి ఒకే చోటు అన్నది ఖాయం, ఒకే మనిషి అన్నది ఖాయం కాదు.

సుజాత_టైన్‌తీరం

అరుంధతి గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. గొర్రెమాంసం ముక్క దగ్గర ఆపి మళ్ళీ చదివించుకున్నారు.

మేం చూసినవి కూడా రాస్తాను. మిస్ ఫెదర్‌స్టన్‌హా దగ్గర 1880 నుంచి 1893 దాకా ఇంటి పనివారి మీద పెత్తనం చేసింది సారా వెల్స్, అంటే రచయిత హెచ్.జి. వెల్స్ తల్లి. ఆ కుర్రవాడు ఆ ఇంటి గ్రంథాలయంలోనే పుస్తకాలు చదువుకున్నాడు. మిస్ ఫెదర్‌స్టన్‌హా చెల్లెలిగా వచ్చి యజమానురాలైంది, ఆమె కింద పనిచేసినావిడ కొడుకు ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు.

తర్వాతి కాలంలో లేడీ మెగ్ మీడ్-ఫెదర్‌స్టన్‌హా 18వ శతాబ్దపు పట్టుతెరలను సపొనేరియా అనే, నురగ వచ్చే మొక్క కషాయంతో ఏళ్ళ తరబడి ఉతికి బాగుచేసిందట. ఆమెకూ ఆ వంశపు రక్తం లేదు. 1954లో ఇల్లు పాత భవంతులను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు ఇచ్చారు. 1989 ఆగస్టు 30న పైకప్పు మీద సీసం అతికే పనిలో నిప్పంటుకుని పై అంతస్తు కాలిపోయింది. కింది గదుల సామాను జనం వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ బయటికి చేరవేశారు. 1995లో మళ్ళీ తెరిచారు.

వెంకటరత్నం_లెక్కలు

నేను విశ్రాంత లెక్కల అధ్యాపకుడిని. పేరు ఎందుకు అరుదవుతుందన్న ప్రశ్న ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. దానికి ఒక అందమైన గణితం ఉంది.

1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పత్రికలో సమస్య పెట్టాడు. ఘనమైన ఇంగ్లిష్ వంశాల పేర్లు కనుమరుగవుతున్నాయి. గొప్పవాళ్ళకు సంతానశక్తి తగ్గిందని జనం అనుకుంటున్నారు. లేక ఇది కేవలం సంభావ్యత ఆటేనా? హెచ్.డబ్ల్యు. వాట్సన్ అనే మతగురువు, గణితవేత్త జవాబు కట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక కొత్త పేరుతో ఒక మనిషి మొదలయ్యాడనుకోండి. సగటున ప్రతి మగవాడికీ ఒక కొడుకు. కానీ అది సగటు. ఒకరికి ముగ్గురు, ఒకరికి అసలు లేరు. యాదృచ్ఛికంగా పంచితే ఒక మనిషికి కొడుకే లేకపోయే అవకాశం సుమారు 37 శాతం. అంటే మొదటి తరంలోనే నూటికి 37 పేర్లు పోతాయి. రెండో తరానికి 53, మూడో తరానికి 63 పోతాయి. పది తరాలు దాటేసరికి నూటికి 84 పేర్లు మిగలవు. ఎవరి తప్పూ లేదు, ఎవరి శాపమూ కాదు. మిగిలిన 16 పేర్లలోనే జనమంతా సర్దుకుంటారు.

వాట్సన్ ఒకచోట తొందరపడి, చివరికి ప్రతి పేరూ అంతరించక తప్పదన్నాడు. సగటున ఒకరి కంటే ఎక్కువ కొడుకులుంటే శాశ్వతంగా నిలిచే అవకాశం ఉందని తర్వాతివాళ్ళు సరిచేశారు. ఇదే గణితం ఇప్పుడు అంటువ్యాధుల వ్యాప్తికి, అణువిచ్ఛిత్తి గొలుసుచర్యకు వాడుతున్నారు.

రవి గారు చెప్పిన జన్యు ఫలితాలకు కూడా ఇదే కారణం. ఒక పేరు ఐదారు చోట్ల విడివిడిగా పుట్టినా, కాలక్రమాన నాలుగు కొమ్మలు ఎండిపోతే మిగిలింది ఒకే వంశంలా కనిపిస్తుంది. ఒకే రకం క్రోమోజోమ్ దొరికినంత మాత్రాన మూలపురుషుడు ఒక్కడే అని తేల్చలేం.

రవి_హనుమకొండ

మాస్టారూ, ఈ మాట నాకు కొత్త. ఐదు మూలాల్లో నాలుగు ఎండిపోతే మిగిలేది ఒకటే అన్నది ఇంత స్పష్టంగా ఎక్కడా చదవలేదు. కింగ్, జోబ్లింగ్ వ్యాసం శీర్షికలో మూలపురుషులతో పాటు ఈ యాదృచ్ఛిక క్షయం కూడా ఉంది. మళ్ళీ చదువుతాను.

మైథిలి

ఈ వంశం పేరుతో జరిగిన ఒక సాహిత్య మోసం చెప్పి తీరాలి.

16వ శతాబ్దంలో ఇంగ్లండ్-స్కాట్లండ్ సరిహద్దు దోపిడీలకు, కుటుంబ కక్షలకు పేరుమోసింది. ఫెదర్‌స్టన్‌హాలకు పొరుగున రిడ్లీలు. 1555లో ఆక్స్‌ఫర్డ్‌లో సజీవదహనమైన బిషప్ నికొలస్ రిడ్లీ ఆ కుటుంబం వాడే. రిడ్లీలు ఒక ఫెదర్‌స్టన్‌హాను చంపారన్న కథ మీద ఒక పాత జానపద గేయం దొరికిందంటూ రాబర్ట్ సర్టీస్ అనే డరం చరిత్రకారుడు వాల్టర్ స్కాట్‌కు పంపాడు. గనిపనివాడి తల్లి, ముసలావిడ పాడగా రాసుకున్నానని చెప్పాడు. స్కాట్ మురిసిపోయి 1808లో తన ‘మార్మియన్’ కావ్యంలో దాన్ని వాడుకున్నాడు. నిజానికి ఆ గేయం మొత్తం సర్టీస్ స్వయంగా అల్లినది! స్కాట్ 1832లో చనిపోయేదాకా ఆ సంగతి తెలియనే లేదు.

సర్టీస్ గొప్ప పండితుడు. ఆయన జ్ఞాపకార్థం 1834లో స్థాపించిన సర్టీస్ సొసైటీ ఉత్తర ఇంగ్లండ్ పాత పత్రాలను ఇప్పటికీ ప్రచురిస్తోంది. అంతటివాడు స్నేహితుణ్ణి అలా నమ్మించడం నాకు మింగుడుపడదు. ఆయన ఇంటిపేరు కూడా ఇలాంటిదే. ‘సర్ టీస్’, ఫ్రెంచిలో టీస్ నది ఒడ్డున అని.

ఫెదర్‌స్టోన్ కోట మీద ప్రచారంలో ఉన్న దెయ్యాల పెళ్ళి ఊరేగింపు కథను కూడా ఎవరూ చరిత్రగా ఎత్తిరాయకండి.

ఆల్బనీ_శ్రీధర్

న్యూయార్క్ రాష్ట్రం నుంచి నమస్కారం. మా ఇంటికి దగ్గరలో, షెనెక్టడీ జిల్లాలో ఫెదర్‌స్టన్‌హా పేరుతో ప్రభుత్వ అడవి ఉంది. నడకకు వెళుతుంటాం. పలకగా పలకగా ఆ పేరు ఎవరిదని వెతికితే జార్జ్ విలియం ఫెదర్‌స్టన్‌హా దొరికాడు.

1780లో లండన్‌లో పుట్టాడు, 1806లో అమెరికా వచ్చాడు. డ్యూయేన్స్‌బర్గ్‌లో వ్యవసాయం చేశాడు. ఆల్బనీ, షెనెక్టడీల మధ్య రైలుమార్గం కోసం పట్టుబట్టి 1826లో మొహాక్-హడ్సన్ కంపెనీకి అనుమతి తెప్పించినవాళ్ళలో ఒకడు. 1831లో ఆ రైలు నడిచింది. 1834లో అమెరికా ప్రభుత్వం నియమించిన మొదటి భూగర్భ శాస్త్రవేత్త ఇతనే.

అసలు ఘట్టం తర్వాతది. ముసలితనంలో బ్రిటన్ తరఫున ఫ్రాన్స్‌లోని లహావ్ర్ రేవులో కాన్సుల్‌గా ఉన్నాడు. 1848 విప్లవంలో సింహాసనం పోగొట్టుకున్న రాజు లూయీ ఫిలిప్ దాక్కుంటూ తీరానికి వచ్చాడు. ఫెదర్‌స్టన్‌హా ఆయన్ను తన మేనమామ ‘విలియం స్మిత్’ అని పిలుస్తూ చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కించాడు. అంత అరుదైన ఇంటిపేరున్న మనిషి, రాజును దాచడానికి ఇంగ్లండ్‌లో అందరికంటే సాధారణమైన పేరు ఎంచుకున్నాడు. రాజు క్షేమంగా ఇంగ్లండ్ చేరాడు.

సుజాత_టైన్‌తీరం

శ్రీధర్ గారూ, ఎంత బాగుంది! ఆ అడవి ఫొటోలు పెట్టండి.

పాతకాగితం గారూ, చివరగా ఒక్కటి. ఉత్తరాదిలో పొట్టిపేర్లతో కలిసిపోయిన మామూలు మనుషుల జాడ వెతకాలని ఉంది. న్యూకాసిల్ గ్రంథాలయంలో వంశచరిత్ర విభాగం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకాగితం

1881 జనాభా లెక్కలతో మొదలుపెట్టండి, అవి తేలికగా దొరుకుతాయి. పేరు మొత్తం టైపు చేయవద్దు. మొదటి మూడు నాలుగు అక్షరాలు పెట్టి మిగతాచోట నక్షత్రం గుర్తు పెట్టండి. ఒకసారి ఎఫ్, ఈ, ఏ, టితో, మరోసారి ఏ లేకుండా ఎఫ్, ఈ, టితో. చివర జి, హెచ్ ఉన్నవి, లేనివి రెండూ చూడండి. మైథిలి గారు హెచ్చరించినట్టు ఫాన్‌షా అని దొరికితే పుట్టిన ఊరు చూసి, డెర్బీషైర్ అయితే పక్కన పెట్టండి.

అక్కడి నుంచి వెనక్కి నడవండి. 1837 జులై నుంచి పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ నమోదులో ఉంటాయి. అంతకుముందువి చర్చి రిజిస్టర్లలో. వాటిని రాయాలని 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాడు గానీ, ఆ తొలి ఏళ్ళవి చాలాచోట్ల మిగల్లేదు. హాల్ట్‌విజిల్ చర్చితో పాటు పక్కనే కంబర్లాండ్‌లోని కిర్క్‌ఆస్వాల్డ్ కూడా చూడండి. అక్కడ ఈ వంశపు మరో కొమ్మ స్థిరపడింది. అంతర్యుద్ధంలో రాజు పక్షాన పోరాడి 1651లో చెస్టర్‌లో తల కోల్పోయిన సర్ తిమోతి ఫెదర్‌స్టన్‌హా ఆ కొమ్మవాడు.

2016లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంటిపేర్ల నిఘంటువు కూడా ఆ గ్రంథాలయంలో ఉందేమో అడగండి. 45,000కు పైగా పేర్లు, వాటి పాత రూపాలు తేదీలతో సహా ఉంటాయి. దొరికిన ప్రతి రూపాన్నీ, ఆ ఏడాదిని, ఆ ఊరిని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. మీరే సరిచేసి రాశారంటే తర్వాత ఏ గుమాస్తా ఎలా విన్నాడో తెలియకుండా పోతుంది. మొదటి జాబితా తయారయ్యాక ఇక్కడే పెట్టండి, మైథిలి గారూ నేనూ కూర్చుని చూస్తాం.